హారతి పళ్ళెం దిగేదాకా

నేను బి.ఎ. పాసయ్యాను. ఈ మాట ముందు చెప్పేస్తే తప్ప మిగతావి నోటికి రావు. నిన్న సాయంత్రం మా కోడలు ఫోనులో ఫలితం చూసి చెప్పిన దగ్గర్నుంచి ఎదురుపడిన ప్రతివాళ్ళకీ ఇదే చెబుతున్నాను. పాలాయనకి చెప్పాను, ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా టీ కాచే ఆయనకి చెప్పాను, పొద్దున్న కృష్ణదేవిపేట వెళుతూ షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దమనిషికి కూడా చెప్పాను. ఆయన పాపం సంతోషించి, "మీ అబ్బాయాండీ?" అన్నాడు. అబ్బాయి కాదండీ, నేనే అంటే నా నెరిసిన మీసాల వైపు ఒకసారి చూసి, ఆటో దిగేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

మా తాత పెళ్ళిళ్ళలో డోలు కొట్టాడు, మా నాన్న బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము మోశాడు, మా పెద్దనాన్న అదే మేళానికి మాస్టరు, నేను ఆయన పక్కన రెండో క్లారినెట్. మా ఇంటావంటా డిగ్రీ అనేది లేదు. ఇంటరుతో ఆగిపోయిన చదువుని ఈ వయసులో ఓపెన్ యూనివర్సిటీలో మళ్ళీ అందుకుని గట్టెక్కానంటే, నా గుండెల మీంచి ఎవరో బియ్యం బస్తా దించినట్టుంది. మా ఆవిడ మాత్రం పొద్దున్నే, "బియ్యే గారూ, గేసు బండ వచ్చింది, మీరు మోత్తారా, సదువుకోనోళ్ళం మేం మొయ్యాలా?" అంది. మోశాను. ఇంత తేలిగ్గా ఎప్పుడూ మోయలేదు.

ఇంతకీ నన్ను గట్టెక్కించిన ప్రశ్న ఒకటుంది, దాని గురించి చెబుదామనే ఇదంతా. నేను సంగీతం ఒక పాఠ్యాంశంగా తీసుకున్నాను. ఆఖరి పరీక్షలో, కుటుంబమంతా కలిసి చూసే బొమ్మల సినిమాలకి పెద్ద వాద్యబృందంతో సంగీతం ఎలా సమకూరుస్తారో వివరించమన్నారు. చుట్టూ ఉన్న కుర్రకారు తలలు గోక్కుంటున్నారు. నేను ప్రశ్న రెండుసార్లు చదువుకుని, కళ్ళు మూసుకుని, చెన్నైలో ఒక చల్లటి హాలు, వరసలు వరసలుగా వయొలిన్లు, వాటి వెనకాల చెప్పులు విడిచి తివాచీ మీద నిలబడ్డ మా నర్సీపట్నం మేళం, అందరికన్నా ముందు, వదులైన పై పన్నుతో క్లారినెట్ పట్టుకున్న మా పెద్దనాన్న, వీటన్నిటినీ చూసుకుని కాగితం మీద కలం పెట్టాను. మళ్ళీ తీసింది గంట కొట్టాకే.

నా వయసువాళ్ళకి బ్యాండు మేళం అంటే వివరించక్కర్లేదు, కానీ ఇప్పటి పిల్లలు కూడా ఇది చదువుతారేమోనని రెండు ముక్కలు చెబుతాను. పెళ్ళి ఊరేగింపు ముందు ఎర్ర కోట్లు తొడుక్కుని, భుజాల మీద బంగారు జరీ కుచ్చులు వేలాడేసుకుని, నడుస్తూ వాయించేవాళ్ళం మేము. నక్కపల్లి వైపు చెరకు తోటల ఊళ్ళలోనూ, ఇటు కొండెక్కి కొయ్యూరు దాకానూ, ఎవరు పిలిస్తే అక్కడికి వెళ్ళేవాళ్ళం. కాగితం మీద రాసిన సంగీతం మాకు తెలియదు, పెద్దనాన్న నోటితో స్వరం అంటాడు, మేము వేళ్ళతో పట్టుకుంటాం. ఆయన పెట్టిన కట్టుబాట్లు కొన్ని ఉండేవి. వాటిలో పెద్దది, ఊరేగింపు మొదలయ్యాక మేళం ఆగకూడదు. వాన రానీ, కరెంటు పోనీ, గుర్రం మొరాయించనీ, గుమ్మం ముందు ముత్తయిదువ హారతి ఇచ్చి, ఆ ఎర్రనీళ్ళ పళ్ళెం కిందికి దించేదాకా ఎవరో ఒకరు ఊదుతూనే ఉండాలి. పళ్ళెం దిగింది అంటే పిల్ల క్షేమంగా ఇల్లు చేరిందని లెక్క, అప్పుడు టక్కున ఆపేస్తాం. ఈలోపు ఆగితే దారిలో ఉన్న మనిషికి మంచిది కాదని ఆయన నమ్మకం. ఒకసారి కొయ్యూరు దగ్గర ఏరు దాటుతూ మా మావయ్య పెద్ద బూరతో సహా మోకాలి లోతు నీళ్ళలో కూర్చుండిపోయాడు, అయినా కూర్చునే ఊదాడు.

పెద్దనాన్నకి ఒక కోరిక ఉండేది. అదేమంత పెద్దది కాదు, తన క్లారినెట్ ఎలా ఉంటుందో తను వినాలని. నవ్వకండి. వాయించేవాడికి తన వాయిద్యం పెదవికి ఆనే రెల్లుపుల్ల అదురుతో, ఎముకల్లోంచి, లోపలి నుంచి వినబడుతుంది తప్ప, ఎదురుగా నిలబడ్డవాడికి వినబడినట్టు వినబడదు. ఆ రోజుల్లో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు కదా, వాటిలో మా మేళం లేని క్యాసెట్ ఈ చుట్టుపక్కల లేదు. కానీ వీడియో తీసే అబ్బాయిలు మా శబ్దం మొత్తం తీసేసి పైన సినిమా పాటలు వేసేవాళ్ళు. తెర మీద పెద్దనాన్న బుగ్గలు పూరించి ఊదుతుంటే ఎవరో గాయని గొంతు వచ్చేది. చుట్టాలిళ్ళలో ఆ క్యాసెట్లు వేసినప్పుడల్లా ఆయన ఆశగా ముందుకి వంగి, పాట మొదలవగానే వెనక్కి జరిగి, "ఈ మేళపోడు బాగా పాడతన్నాడురా, ఆడగొంతు" అనేవాడు.

అలాంటి సమయంలో, ఉపమాక వెంకన్న సన్నిధిలో జరిగిన ఒక పెళ్ళికి మేము వాయిస్తుంటే, పెళ్ళికూతురి తరఫు చుట్టం ఒకాయన, చెన్నైలో సినిమాలకి సంగీతం చేసే ఆయన, మా వెంటే ఊరేగింపు పొడుగునా నడిచాడు. అందరూ పల్లకీ చుట్టూ ఉంటే ఆయన ఒక్కడూ పెద్దనాన్న క్లారినెట్ చివరి గరాటు వైపు చెవి పెట్టి నడిచాడు. పెళ్ళయ్యాక మా అడ్రసు రాసుకున్నాడు. మేము ఎప్పుడో మరిచిపోయాం. కొన్ని నెలల తర్వాత మా వీధి ఎస్టీడీ బూత్‌కి ఫోను వచ్చింది, ఒక ఏనుగుపిల్ల కథతో బొమ్మల సినిమా ఒకటి తీస్తున్నారు, అందులో ఒక ఊరేగింపు ఉంది, దానికి అసలైన పెళ్ళి మేళమే కావాలి, రైలు టిక్కెట్లు పంపిస్తున్నాను రమ్మని.

సరిగ్గా అప్పుడే పెద్దనాన్న పైవరస ముందుపన్ను ఊగడం మొదలుపెట్టింది. క్లారినెట్ నోటి మొన మీద ఆ పళ్ళే ఆనాలి, అవి లేకపోతే ఊపిరి నిలవదు. మెయిన్ రోడ్డు మీద పళ్ళ డాక్టరు గారు చూసి, ఆ పన్నూ దాని పక్కదీ రెండూ తీసెయ్యాల్సిందే, చీము పట్టింది, ఆలస్యం చేస్తే దవడకి పాకుతుందన్నారు. తీసేస్తే ఇక ముందు వాయిద్యం లేదు. పెద్దనాన్న డాక్టరు గారి చెయ్యి పట్టుకుని, "ఒక్క వాయింపు బాబూ, ఒక్కటి వాయించేసి ఒచ్చి నోరు తెరిసి పడుకుంతాను, మొత్తం పీకేసుకోండి" అని బతిమాలి, మాత్రలు రాయించుకుని వచ్చాడు. ఇంట్లో కూర్చుని సైకిల్ ట్యూబు లోంచి గోరంత ముక్క కత్తిరించి, పన్నుకి అదురు తగలకుండా నోటి మొన మీద అతికించుకున్నాడు. ఆయన జీవితంలో వాయించే వాయింపుల్లో ఇది ఆఖరిదని మా అందరికీ తెలుసు. అది గాలిలో కలిసిపోకుండా ఎక్కడో ఒకచోట నిలబడుతుందా, ఆయన చెవినపడుతుందా అనేదొక్కటే మా బెంగ.

నర్సీపట్నం రోడ్డు స్టేషనులో రైలెక్కాం. పెద్దనాన్న, పెద్ద బూర మావయ్య, చిన్న డ్రమ్ము వాయించే మా బావ, నేను, ఇంకో నలుగురైదుగురు. సంగీతం చేసే ఆయనకి ఇద్దామని కాల్చి వొలిచిన జీడిపప్పు పెద్ద మూట కట్టుకున్నాం, రైల్లో మా బావ దాని పక్కన కూర్చోవడం వల్ల చెన్నై చేరేసరికి అది చిన్న మూట అయింది.

ఆ హాలు నేనిప్పటికీ మరిచిపోలేదు. గోడలకి మెత్తటి గుడ్డ, కింద తివాచీ, మాట్లాడితే మాట మూతి దగ్గరే పడిపోతుంది. వయొలిన్ల వాళ్ళు, వాళ్ళ వెనకాల నిలువెత్తు వయొలిన్ల వాళ్ళు, వేణువులు, ఇత్తడి బూరలు, ఒక మూల సాలెగూడు నిలబెట్టినట్టు ఒక వాద్యం. అందరి ముందూ కాగితాలు, చెవులకి హెడ్‌ఫోన్లు. మాకూ హెడ్‌ఫోన్లు ఇచ్చారు, అందులో టిక్కు టిక్కుమని గడియారంలా ఒకటే శబ్దం, దాన్ని పట్టుకుని వాయించాలట. పెళ్ళిలో నడక అలవాటు మాది, నిలబెడితే ఊరుకుంటామా, పాదాలు వాటంతటవే లేస్తుంటే చెప్పుల చప్పుడు మైకులోకి పోతోందని చెప్పులు విప్పించారు.

ఎదురుగా తెర మీద సినిమా వేశారు. సగం బొమ్మలకి రంగులున్నాయి, సగం ఇంకా పెన్సిలు గీతలే. పెద్దనాన్న నా చెవిలో, "ఇదేటిరా, రంగులెయ్యడం మర్సిపోనారా?" అన్నాడు. వినబడినట్టుంది, సంగీతం చేసే ఆయన నవ్వి మా దగ్గరికి వచ్చి, మాకు అర్థమయ్యేలా చెప్పాడు. పరీక్షలో నేను రాసింది ఆ మాటలే. మామూలు సినిమాలో మనిషి నడిస్తే అడుగు చప్పుడు ఉంటుంది, తలుపు తీస్తే కిర్రుమంటుంది, అది కెమెరాతో పాటే వస్తుంది. బొమ్మల సినిమాలో ఏదీ దానంతటది రాదు, కాగితానికి ఊపిరి లేదు. ఏనుగు ఎంత పెద్దగా గీసినా దానికి బరువు లేదు, ఆ బరువు వాద్యాలే ఇవ్వాలి. ఇదిగో చూడండి అని చెయ్యి ఊపితే, ఆ నిలువెత్తు వయొలిన్ల వాళ్ళు తీగని వేలితో ఒక్కసారి మీటారు, తెర మీది గున్నఏనుగు అడుగు నిజంగా నేలమీద పడింది. వేణువు చిన్నగా పలికితే దాని చెవి కదిలింది. మా బావ నోరు తెరిచినవాడు మూయలేదు.

మాకిచ్చిన ఘట్టం ఇదీ. మందలోంచి తప్పిపోయి ఊళ్ళోకి వచ్చేసిన గున్నఏనుగుని ఒక ముసలమ్మ సాకుతుంది. చివరికి దాన్ని తల్లి దగ్గరికి చేర్చడానికి ఊరుఊరంతా మేళంతో ఊరేగిస్తూ అడవి అంచుదాకా తీసుకెళతారు. అక్కడ చెట్ల మధ్య తల్లి ఏనుగు కనబడుతుంది. ఆ క్షణంలో మేళం కత్తితో కోసినట్టు ఆగిపోవాలి. కాసేపు మొత్తం నిశ్శబ్దం. అప్పుడు ఆ నిశ్శబ్దంలోంచి వయొలిన్లు, ఎక్కడో భూమిలోంచి వచ్చినట్టు సన్నగా మొదలవ్వాలి. సినిమాకి ప్రాణం ఆ నిశ్శబ్దమేనన్నాడాయన. తను చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించగానే అందరూ ఆగాలి.

మొదటిసారి వాయించాం. ఆయన పిడికిలి బిగించాడు. వయొలిన్లు ఆగాయి, ఇత్తడి బూరలు ఆగాయి. మేము ఆగలేదు. పెద్దనాన్న కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు, ఆయన్ని చూసి మేము, మమ్మల్ని చూసి డ్రమ్ములు. హాలంతా మౌనంగా ఉంటే నర్సీపట్నం మేళం మాత్రం తల్లి ఏనుగు కళ్ళముందే దర్జాగా సాగిపోయింది. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. రెండోసారి పెద్దనాన్నని కళ్ళు తెరిచి వాయించమన్నారు. తెరిచాడు, పిడికిలి చూశాడు, చూస్తూనే ఊదాడు. మూడోసారికి మేము ఆగాం, ఆయన ఒక్కడూ ఆగలేదు, ఆ స్వరాన్ని సన్నగా, పోనీలే పోనీలే అన్నట్టు లాగుతూనే ఉన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సంగీతం చేసే ఆయన చేతిలోని తాళం చూపించే పుల్ల కిందపెట్టి దగ్గరికొచ్చాడు. కోపంగా లేడు, అయోమయంగా ఉన్నాడు.

"మాస్టారూ, నా చెయ్యి కనబడటం లేదా?"

"కనబడతందండి."

"మరి?"

పెద్దనాన్న క్లారినెట్ చంకలో పెట్టుకుని, తెర వైపు చూపించి, చాలా మెల్లిగా, "నడిమిట్లో ఆపేత్తే ఆ పిల్లకి మంచిది కాదండి" అన్నాడు.

"ఏ పిల్లకి?"

"ఆ ఏనుగు పిల్లకండి. ఇంకా గుమ్మం సేరనేదు కదండీ."

ఆ మాట విని ముందు వరసలో ఒకావిడ వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని ముక్కు తుడుచుకుంది, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. కానీ రికార్డింగు చేసే అద్దం గదిలో నిర్మాత తరఫు మనిషి ఒకాయన ఉన్నాడు, ఆయనకి ఇవేమీ పట్టవు కదా, మైకులోనే అందరికీ వినబడేలా, "కీబోర్డులో క్లారినెట్ ఉంది కదండీ, దానితో లాగించేద్దాం, వీళ్ళని పంపించేయండి" అన్నాడు. ఆ హాలులో మాట మూతి దగ్గరే పడిపోతుందని చెప్పానే, ఆ మాట మాత్రం సూటిగా వచ్చి మా మధ్య పడింది. పెద్దనాన్న పక్కకి తిరిగి చేతిరుమాలుతో పెదవి ఒత్తుకున్నాడు. రుమాలు మీద రక్తం నేను చూశాను. సైకిల్ ట్యూబు ముక్క ఎప్పుడో ఊడిపోయింది.

భోజనాలకి వదిలారు. పెళ్ళిళ్ళలో అందరి భోజనాలూ అయ్యాక చివర్న తినే మేళంవాళ్ళం, ఇక్కడ వయొలిన్ల వాళ్ళతో పాటు అదే బల్ల మీద కూర్చోబెట్టారు. పెద్దనాన్న మాత్రం మజ్జిగ తాగి ఊరుకున్నాడు. నేను బాధపడుతూ, "ఒక్కసారికి ఆపెయ్యి పెద్దనాన్నా, అది బొమ్మే కదా" అంటే, "నాకు తెల్దేటిరా బొమ్మని? నేను ఆపుదామనే అనుకుంతన్నాను, నా ఊపిరి ఆగట్లేదు, నానేటి సెయ్యను?" అన్నాడు. నలభై ఏళ్ళ అలవాటు ఆయన మాట వినడం లేదు. ఇంకో రెండు మూడు సార్లకంటే ఆ పన్ను ఓర్చుకోదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడు సంగీతం చేసే ఆయన తన కంచం పట్టుకుని వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎవరు ఆపమంటే మీరు ఆగుతారు మాస్టారూ అని అడిగాడు. పెద్దనాన్న ఆలోచించకుండానే, "మనిసి సెప్తే ఆగం బాబూ, ఆరతి పల్లెం దిగితే ఆగుతాం" అన్నాడు. ఆయన కాసేపు పెద్దనాన్న మొహంలోకి చూసి, తన కంచం వైపు చూసి, లేచి నిలబడి, "మరి ముందే చెప్పొద్దా అండీ!" అంటూ ఆ ఎంగిలి కంచంతోనే క్యాంటీన్ లోపలికి పరుగెత్తాడు.

మళ్ళీ హాలులోకి వెళ్ళేసరికి అన్నీ సిద్ధం. క్యాంటీన్ స్టీలు పళ్ళెంలో నీళ్ళు, ముందు వరస వయొలిన్ ఆవిడ సంచీలోంచి తీసి కలిపిన కుంకుమ, పైన ఎవరి జడలోంచో తీసిన రెండు మల్లెపూలు. కర్పూరం వెలిగించడానికి ఆ హాలులో వీల్లేదన్నారు. పళ్ళెం పట్టుకోవడానికి, సినిమాలో ముసలమ్మ బొమ్మ గీసిన అమ్మాయి ఆ రోజు చూడటానికి వచ్చి ఉంటే ఆ అమ్మాయినే నిలబెట్టారు. జీన్సు ప్యాంటు, కత్తిరించిన జుట్టు, హారతి ఎప్పుడూ ఇచ్చినట్టు లేదు, పళ్ళెం ఎడమ వైపు నుంచి తిప్పబోతే పెద్ద బూర మావయ్య ఆగలేక, "ఓలమ్మా, అటు కాదమ్మా, కుడేపుకి, బేగి బేగి తిప్పకు, నీలొలికిపోతాయి" అని అక్కడికక్కడే నేర్పించాడు. పిడికిలి బిగుసుకున్న క్షణంలోనే ఆ అమ్మాయి పళ్ళెం కిందికి దించాలి.

రికార్డింగు మొదలైందని ఎర్రదీపం వెలిగింది. వాయించాం. పెద్దనాన్న కళ్ళు ఆ పళ్ళెం మీదే ఉన్నాయి. అంత నొప్పిలో ఆయన ఆ క్లారినెట్‌ని ఎక్కడి నుంచి పలికించాడో నాకు తెలియదు, ఊరిని వదల్లేక వెనక్కి వెనక్కి తిరిగి చూసే పసిపిల్లలా ఉంది. తెర మీద చెట్లు విడిపోయాయి. పిడికిలి బిగిసింది, పళ్ళెం దిగింది. మేళం టక్కున ఆగిపోయింది. నిశ్శబ్దం అంటే ఏమిటో అప్పుడు విన్నాను, చెవుల్లో నా రక్తం నాకు వినబడింది. ఆ నిశ్శబ్దంలో, వయొలిన్లు అందుకోబోయే ముందు, మా బావ, చిన్న డ్రమ్ము మా బావ, గుండె నిండా ఊపిరి వదిలి, "హమ్మయ్య" అన్నాడు.

ఎంత నెమ్మదిగా అన్నా అది హమ్మయ్యే కదా, అక్కడున్న ప్రతి మైకూ పట్టేసుకుంది. మా బావ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అద్దం గదిలో ఆ నిర్మాత మనిషి తల పట్టుకున్నాడు. పెద్దనాన్న మాత్రం నెమ్మదిగా తిరిగి, "ఒరే అల్లుడూ, నా పన్ను ఊడిపోయినాక అందుగాని, కుసింత ఆగు" అన్నాడు. దానికి తెలుగు వచ్చినవాళ్ళు ముందు నవ్వారు, రానివాళ్ళు పక్కవాళ్ళని అడిగి తెలుసుకుని తర్వాత నవ్వారు, అలా నవ్వు వెనక వరసల దాకా మెల్లగా పాకింది. అది చూసి, ఇంకొక్కసారి ఊదగలరా అని అడిగాడు సంగీతం చేసే ఆయన. పెద్దనాన్న కింది పెదవితో పాటు పై పెదవిని కూడా లోపలికి మడిచి, పన్ను అసలు ఆనకుండా పట్టుకుని చూశాడు. అలా పడితే ఊపిరి రెట్టింపు కావాలి. తల ఊపాడు.

ఆఖరిసారి వాయించాం. అది ముందుదానికన్నా బాగుందని చెప్పలేను, కొంచెం గాలి ఎక్కువై గరగరలాడింది, కానీ గున్నఏనుగు ఊరేగింపుకి ఆ గరగరే నప్పిందేమో. పళ్ళెం దిగింది. ఆగాం. మా బావ ముక్కూ నోరూ రెండూ బిగపట్టి కళ్ళు తేలేస్తున్నాడు. నిశ్శబ్దం, దాని అడుగు నుంచి వయొలిన్లు, ఇంకా ఇంకా పెరిగి హాలంతా నిండి, మెల్లగా ఇంకిపోయాయి. ఎర్రదీపం ఆరింది. అప్పుడు వయొలిన్లు, ఇత్తడి బూరలు, వేణువులు, పళ్ళెం పట్టుకున్న అమ్మాయి, అద్దం గదిలోవాళ్ళు, ఒకళ్ళా ఇద్దరా, హాలుహాలంతా ఒక్కసారే, "హమ్మయ్య!"

ఊరికొచ్చిన మర్నాడే పెద్దనాన్న చెప్పినట్టే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి పడుకున్నాడు. క్లారినెట్ నా చేతికి వచ్చింది. కానీ అసలు బెంగ తీరలేదు. సినిమా ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చినా అందులో మన ముక్క ఉంటుందో, వీడియోవాళ్ళలాగే వీళ్ళూ తీసేసి ఇంకేదో పెడతారో తెలియదు. ఆయన బయటికి ఏమీ అనేవాడు కాదు గానీ, సెలవులకి ఏ సినిమా వచ్చినా పోస్టరు ముందు నిలబడి ఏనుగు బొమ్మ ఉందేమోనని వెతికేవాడు. ఏడాది దాటాక ఒకరోజు ఉంది. బడిపిల్లల కోసం ఉదయం ఆట మాత్రమే వేశారు.

పిల్లల మధ్యలో మేము. ఏనుగు పిల్ల జారిపడితే వాళ్ళు కేరింతలు, ముసలమ్మ తిడితే వాళ్ళు కేరింతలు. పెద్దనాన్న కుర్చీ అంచున కూర్చున్నాడు. ఊరేగింపు మొదలైంది. పెన్సిలు గీతలకి ఇప్పుడు రంగులొచ్చాయి, చెట్లకి ఆకులొచ్చాయి. క్లారినెట్ పలికింది. ఆయన ముందుకి వంగి, రెండు వరసల పాటు విని, నా భుజం పట్టుకుని, "ఎవుర్రా ఈడు? బాగా వాయిత్తన్నాడు" అన్నాడు.

"నువ్వే పెద్దనాన్నా."

"నేనేటి?"

మళ్ళీ తెర వైపు తిరిగాడు. తెర మీద చెట్లు విడిపోయాయి, మేళం ఆగింది, అంత అల్లరి చేస్తున్న పిల్లలు ఒక్కరూ కిమ్మనలేదు. ఆ చీకట్లో పెద్దనాన్న నా భుజం వదలలేదు. వయొలిన్లు వచ్చాయి.

బయటికొచ్చాక ఎండలో కళ్ళు చికిలించుకుని నిలబడి, ముందుపళ్ళు లేని నోటితో నవ్వి, "నా క్లారినెట్టు ఇలాగుంటదేటి? ఇన్నేళ్ళూ ఎవురూ సెప్పనేదేటిరా?" అన్నాడు. ఎవరూ చెప్పకపోవడమేమిటి, ఊరూవాడా చెప్పారు, ఆయనే నమ్మలేదు. ఆ రోజు నమ్మాడు. తర్వాత ఆయన బతికిన కొన్నేళ్ళూ ఆ సినిమా గురించి మళ్ళీ అడగలేదు, ఏ పెళ్ళి క్యాసెట్టు వేసినా ముందుకి వంగలేదు. ఆయన పోయినప్పుడు నేను ఏడ్చాను గానీ, ఆ ఒక్క విషయంలో మాత్రం నా మనసు నిమ్మళంగా ఉంది.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో డీజే బళ్ళు వచ్చాయి, మా ఎర్ర కోట్లు ఎవరింట్లో ఏ పెట్టెలో ఉన్నాయో తెలియదు. బొమ్మల సినిమాలకి సంగీతం ఒకడే ఒక గదిలో కూర్చుని కీబోర్డు మీద మొత్తం వాద్యబృందాన్ని పలికించేస్తున్నాడట, బాగానే ఉంటోంది, మా మనవరాలితో కూర్చుని నేనూ చూస్తున్నాను, తప్పేమీ లేదు. మా ఇంటికి వచ్చి క్లారినెట్ నేర్చుకునే పిల్లలు నలుగురున్నారు, బంగారాలు. ఒక వరస వాయించగానే ఫోనులో రికార్డు చేసుకున్నది వినేసుకుని, "బాలేదు మాస్టారూ, సెరిపేత్తాను" అంటారు. ఆ వరస నాకు నచ్చిందని చెప్పేలోపే చెరిపేస్తారు. మా పెద్దనాన్నకి చెరపడానికి ఏమీ ఉండేది కాదు. తను ఎలా వాయిస్తున్నాడో తెలుసుకోవాలంటే ఆయనకున్న దారి ఒక్కటే, గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళ మొహాలు చూడటం. అందుకే కాబోలు, నలభై ఏళ్ళు ఆయన ఒక్క మొహాన్నీ వదలకుండా చూస్తూ నడిచాడు. ఈ పిల్లలకి నేను వేళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పగలుగుతున్నాను, ఊపిరి ఎలా పట్టాలో చెప్పగలుగుతున్నాను. ఊదుతున్నప్పుడు తలెత్తి ఎదుటివాళ్ళ మొహంలోకి చూడండర్రా అని మాత్రం రోజూ చెబుతున్నాను, వాళ్ళు తలెత్తి, ముందు ఫోను ఆన్‌లో ఉందో లేదో చూసుకుంటున్నారు.